వేలికీ తెరకీ మధ్య

ఫోన్ తెర మీద వేలు ఆనిన క్షణానికీ, ఆ తెర మీద ఏదో ఒకటి మారిన క్షణానికీ మధ్య కొంత కాలం గడుస్తుంది. దాన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మంచి ఫోన్‌లో అది యాభై, అరవై మిల్లీసెకన్లు ఉండవచ్చు. చవక ఫోన్‌లో నూరు దాటుతుంది. పని నెట్‌వర్క్ మీదికి వెళ్తే వందలవుతుంది, ఒక్కోసారి వేలవుతుంది. చదవడానికి ఇవి లెక్కలోకి రానంత చిన్న అంకెలు. అయినా మనిషి వాటిని లెక్కపెడతాడు, కాకపోతే తన పద్ధతిలో లెక్కపెడతాడు. పదకొండు మిల్లీసెకన్ల తేడాను అతని వేలు పసిగట్టగలదు. పది సెకన్ల ఆలస్యాన్ని అతడే ఓపిగ్గా భరించగలడు. గడియారం అన్ని మిల్లీసెకన్లనూ ఒకే తూకంతో తూస్తుంది. మనిషికి మాత్రం ఆలస్యం ఎంత అన్నదాని కంటే ఎలాంటిది అన్నదే ముఖ్యం.

ఈ సంగతి గమనించడానికి ప్రయోగశాల అక్కర్లేదు, నర్సీపట్నం లాంటి ఊరు చాలు. అనకాపల్లి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన ఈ పట్టణం మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట ఉంది. ఇక్కడి నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. రోడ్డు ఎక్కుతున్న కొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు దిగుతాయి. కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్, రేషన్ డిపోలో వేలిముద్ర యంత్రం, సచివాలయంలో కంప్యూటర్, బస్సులో టికెట్ మిషన్ ఇలా రోజూ ఎన్నోసార్లు వేలు అడుగుతుంది, తెర జవాబు చెబుతుంది. జవాబు రాకపోతే జనం నోట వినిపించేవి నాలుగైదు మాటలే. తిరుగుతోంది అంటారు, సర్వర్ స్లో అంటారు, హ్యాంగయింది అంటారు, సిగ్నల్ లేదంటారు. ఆ ఆలస్యం నిజంగా ఎక్కడ పుట్టిందో అనేవాళ్లకూ తెలియదు, వినేవాళ్లకూ తెలియదు.

అది పుట్టే చోట్లు చాలానే ఉన్నాయి. ఫోన్ తన తెరను ఎడతెగకుండా చూస్తూ కూర్చోదు. సెకనుకు అరవై సార్లో, నూట ఇరవై సార్లో, ఖరీదైన ఫోన్లలో రెండు వందల నలభై సార్లో వచ్చి, వేలు పడిందా లేదా అని చూసిపోతుంది. చూసిపోయిన మరుక్షణం పడిన వేలు మళ్లీ చూసేదాకా ఆగాల్సిందే. తర్వాత అది వేలా, నీటిచుక్కా అని తేల్చాలి. ఏ యాప్ కోసం పడిందో ఆ యాప్‌కు కబురు చేర్చాలి. ఏం చేయాలో యాప్ నిర్ణయించుకోవాలి, కొత్త బొమ్మ గీయాలి. గీసిన బొమ్మ కూడా వెంటనే కనపడదు. మామూలు తెర సెకనుకు అరవై సార్లు మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. బొమ్మ సిద్ధమయ్యేలోగా ఒక ఫ్రేము దాటిపోతే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా నిరీక్షణ. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే. అన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడేసరికి పదో వంతు సెకను కరిగిపోతుంది.

యంత్రాల శక్తి పెరిగితే ఈ ఆలస్యం దానంతట అదే తగ్గుతుందని అనుకోవడం సహజం. అలా జరగలేదు. 2017లో ఒక ప్రోగ్రామరు పాతవీ కొత్తవీ అనేక కంప్యూటర్లను వేగంగా తీసే కెమెరాతో పరీక్షించాడు. మీట నొక్కాక అక్షరం తెర మీద కనపడటానికి 1983 నాటి ఆపిల్ 2ఇ యంత్రానికి 30 మిల్లీసెకన్లు పట్టింది. దానికంటే వేల రెట్లు బలమైన 2017 నాటి యంత్రాల్లో చాలావాటికి అంతకు రెట్టింపు, కొన్నింటికి అయిదారు రెట్లు పట్టింది. కారణం కష్టమైనదేమీ కాదు. పాత యంత్రంలో మీటకూ తెరకూ మధ్య పెద్దగా ఎవరూ లేరు. కొత్త యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్, విండోలు, బ్రౌజర్, రంగులు కలిపే పొరలు అన్నీ ఉన్నాయి. ప్రతి పొరా ఏదో ఒక సౌకర్యం ఇస్తుంది, దానికి బదులుగా కొన్ని మిల్లీసెకన్లు పుచ్చుకుంటుంది.

తెలుగు రాతకు ఈ పొరల్లో ఇంకొకటి ఎక్కువ. ఇంగ్లిష్‌లో ఒక మీట నొక్కితే ఒక అక్షరం పక్కన చేరి ఊరుకుంటుంది. తెలుగులో ‘స్త్రీ’ అని రాస్తే యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు చేరి ఒకే ఆకారం అవుతాయి. ప్రతి సంకేతం పడగానే అప్పటిదాకా గీసిన ఆకారాన్ని చెరిపి, ఒత్తు ఎక్కడికి దిగాలో, గుడి ఎక్కడికి ఎక్కాలో చూసి మళ్లీ గీయాలి. ఈ పని ఎంత చిక్కైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేత వరుసలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో యాప్ కూలదు కానీ, చవక ఫోన్‌లో తెలుగు కీబోర్డు వాడేవాళ్లకు వేలు ముందు, అక్షరం వెనక నడవడం అనుభవమే.

పని ఫోన్ దాటి బయటికి వెళ్తే దూరం సంగతి వస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ ముంబయిలో ఉందనుకుంటే, నర్సీపట్నం నుంచి అక్కడికి తిన్నగా కొలిస్తే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. కాంతి వెళ్లి రావడానికి పది మిల్లీసెకన్లు చాలు. కేబుళ్లు తిన్నగా సాగవు కాబట్టి పదిహేనో ఇరవయ్యో అనుకోవచ్చు. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నం కేంద్రంగా అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో భారీ డేటా కేంద్రాన్ని ప్రకటించింది. దానికి ఎంచుకున్న స్థలాల్లో అనకాపల్లి జిల్లా రాంబిల్లి కూడా ఉంది. సొంత జిల్లాలోనే సర్వర్లు వెలిశాక నర్సీపట్నం తెరలు మెరుపులా కదులుతాయని ఎవరైనా ఆశపడితే తప్పులేదు. లెక్క మాత్రం వేరేలా ఉంది. ముంబయి బదులు రాంబిల్లి అయితే మిగిలేది తెర మీద సుమారు ఒక్క ఫ్రేము. అసలు ఆలస్యం అంత దూరంలో లేదు. ఫోన్‌కూ టవర్‌కూ మధ్య గాలిలో, బలహీనమైన సిగ్నల్ వల్ల మళ్లీ మళ్లీ పంపాల్సిన కబుర్లలో, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ను అడగడంలో ఉంది.

యంత్రం ఆలస్యాన్ని కొలవడం కొత్త విద్య. మనిషి ఆలస్యాన్ని కొలవడం అంతకంటే పాతది. అది ఒక ఉద్యోగం ఊడటంతో మొదలైంది. ఇంగ్లాండులోని గ్రీనిచ్ వేధశాలలో నక్షత్రం దూరదర్శిని తీగను దాటే క్షణాన్ని గడియారపు టక్కుటక్కు వింటూ నమోదు చేసేవారు. అక్కడి ప్రధాన ఖగోళ శాస్త్రవేత్త నెవిల్ మాస్కెలిన్, తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ తనకంటే 0.8 సెకను ఆలస్యంగా రాస్తున్నాడని గమనించి 1796లో పనిలోంచి తీసేశాడు. కొన్నేళ్ల తర్వాత జర్మన్ శాస్త్రవేత్త బెసెల్ ఆ ఉదంతం చదివి, వేరే వేధశాలల వాళ్లతో తన కొలతలు పోల్చి చూశాడు. తేలిందేమిటంటే ఏ ఇద్దరి క్షణమూ ఒకటి కాదు. కిన్నెబ్రూక్ సోమరి కాడు, అందరిలాగే మనిషి.

అప్పటికి నరాల్లో వార్త ఎంత వేగంగా పోతుందో ఎవరికీ తెలియదు. అది కొలతకు అందదని శరీరధర్మ శాస్త్రంలో పెద్దవాడైన జొహానెస్ ముల్లర్ భావించాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరం మీద కొలిచి చూపించాడు. ఆ వేగం సెకనుకు సుమారు 30 మీటర్లు. ధ్వని వేగంలో పదో వంతు కూడా లేదు. మనసు తలచుకున్న వెంటనే చేయి కదులుతుందన్న నమ్మకానికి ఆ ఒక్క అంకెతో కాలం చెల్లింది. దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యవంతుడైన మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దం విని నొక్కమంటే కొంచెం తక్కువ.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. స్పందించడానికే 200 మిల్లీసెకన్లు తీసుకునే మనిషికి అందులో పదో వంతు ఆలస్యం ఎలా తెలుస్తుంది? దీన్ని తీర్చడానికి రెప్పపాటు పనికొస్తుంది. అమరకోశం కాలవర్గం ప్రకారం పద్దెనిమిది నిమేషాలు, అంటే రెప్పపాట్లు, ఒక కాష్ఠ, ముప్ఫై కాష్ఠలు ఒక కళ, ముప్ఫై కళలు ఒక క్షణం, పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం, ముప్ఫై ముహూర్తాలు ఒక పగలూ రాత్రీ. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి వెనక్కి భాగించుకుంటూ వస్తే నిమేషం సుమారు 15 మిల్లీసెకన్లు అవుతుంది. అంటే ఈనాటి మామూలు తెర మీద దాదాపు ఒక ఫ్రేము. ఇది కాకతాళీయమే. ఇతర గ్రంథాల లెక్కలు వేరుగా ఉన్నాయి, నిజమైన రెప్పపాటు నూరు మిల్లీసెకన్ల పైనే ఉంటుంది. అసలు విశేషం వేరే చోట ఉంది. నిమిషానికి పదిహేనుసార్ల దాకా లోకం నూరు మిల్లీసెకన్లకు పైగా చీకటవుతున్నా మనిషికి ఆ చీకటి కనపడదు. అదే మనిషి వేలి కింద బొమ్మ అందులో సగం సేపు వెనకబడితే గుర్తుపడతాడు. రెప్ప తాను వేసిందే కనక మెదడు ముందే లెక్కవేసుకుని ఆ చీకటిని కొట్టేస్తుంది. తెర విషయంలో కూడా మెదడు ముందే ఒక లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క తప్పినప్పుడు దానికి తెలిసిపోతుంది.

చిన్న ఆలస్యాల రహస్యం అంతా ఇందులోనే ఉంది. చేయి కదిపేటప్పుడే ఆ కదలిక ఫలితం ఎప్పుడు, ఎక్కడ కనపడాలో మెదడు ఊహించుకుంటుంది. స్పందించడానికి పట్టే కాలం, ఊహకూ చూసినదానికీ తేడా పట్టుకోవడానికి పట్టే కాలం ఒకటి కావు. 2015లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు తెర మీద నేరుగా వేలితో బొమ్మను లాగించి, ఎంత తేడా వస్తే మనిషి గుర్తుపడతాడో చూశారు. సగటున 11 మిల్లీసెకన్లు వచ్చింది. అదే తెరను ఒక్కసారి తట్టి ఊరుకునే పనిలో 69 వచ్చింది. లాగేటప్పుడు వేలికీ బొమ్మకీ మధ్య ఖాళీ కంటికి కనపడుతుంది. ఆలస్యం అక్కడ దూరంగా మారుతుంది. తట్టేటప్పుడు అలాంటి కొలబద్ద లేదు. అందుకే ఆటలాడే పిల్లలు, తెర మీద బొమ్మలు గీసేవాళ్లు పట్టించుకునే ఆలస్యాలు ఫారాలు నింపేవాళ్లకు తెలియనే తెలియవు.

ఆలస్యం ఇంకొంచెం పెరిగితే పోయేది వేగం కాదు, కర్తృత్వం. బెల్జియం మనస్తత్వవేత్త ఆల్బెర్ మిషోట్ 1946లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక చతురస్రం జరిగివచ్చి ఇంకోదాన్ని తాకుతుంది, తాకగానే రెండోది కదులుతుంది. చూసేవాళ్లంతా మొదటిది రెండోదాన్ని నెట్టిందనే అంటారు. తాకడానికీ కదలడానికీ మధ్య పదో వంతు సెకనుకు పైగా ఎడం పెడితే నెట్టిన భావన పలచబడుతుంది, ఇంకాస్త పెంచితే మాయమవుతుంది. రెండోది తనంతట తాను బయల్దేరినట్టు కనపడుతుంది. తెర మీద బటన్‌కూ ఇదే వర్తిస్తుంది. పదో వంతు సెకనులోపు జవాబు వస్తే ‘నేను తెరిచాను’ అనిపిస్తుంది. అది దాటితే ‘యంత్రం తెరుస్తోంది’ అనిపిస్తుంది.

మెదడు తన లెక్కను దిద్దుకోగలదు కూడా. 2006లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో మీట నొక్కిన పదో వంతు సెకనుకు దీపం వెలిగేలా పెట్టి, అలవాటయ్యేదాకా నొక్కించారు. తర్వాత ఆ ఎడాన్ని హఠాత్తుగా తీసేశారు. చాలామందికి తాము నొక్కకముందే దీపం వెలిగినట్టు అనిపించింది. ఆలస్యానికి అలవాటుపడ్డ మెదడు దాన్ని సున్నాగా రాసుకుంది. అది పోగానే కారణం కంటే ఫలితం ముందు వచ్చిన భ్రమ కలిగింది. పాత ఫోన్ వాడేవాళ్లు ‘నాది బాగానే ఉంది’ అనడం ఇందువల్లే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల మెదడు లెక్క సరిచేసుకుంది. కాకపోతే సరిచేసుకోగలిగేది ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉన్నప్పుడే. ఒకసారి యాభై, ఒకసారి మూడు వందలు, ఒకసారి రెండు సెకన్లు అయితే ఏ మెదడూ దానికి అలవాటుపడదు. సిగ్నల్ వచ్చిపోయే చోట చిరాకు ఎక్కువగా ఉండటానికి మూలం ఇదే.

ఆలస్యం విషయంలో చెవికి కంటికంటే పట్టింపు ఎక్కువ. నర్సీపట్నం దగ్గరి వరాహ నది అవతలి గట్టున చాకిరేవులో బట్ట బండను తాకడం కనిపించిన తర్వాత దెబ్బ వినిపిస్తుంది. ముప్ఫై నాలుగు మీటర్ల దూరానికి పదో వంతు సెకను తేడా. ప్రకృతిలో శబ్దం వెనకబడటం మామూలు, ముందు రావడం ఎన్నడూ లేదు. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంఘం ఇచ్చిన ప్రమాణంలోనూ ఇది కనపడుతుంది. మాట పెదవి కంటే 45 మిల్లీసెకన్లు ముందుంటే ప్రేక్షకుడు పట్టేస్తాడు. వెనకబడితే 125 దాకా పట్టించుకోడు. మాట్లాడేవాడి గొంతునే సుమారు 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా అతని చెవిలో వినిపిస్తే మాట సాగుతుంది, తడబడుతుంది, నత్తి వచ్చినట్టవుతుంది. 1950లలోనే దీన్ని గుర్తించారు.

విదేశాల్లో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఈ పాఠం ఫోన్‌లోనే తెలిసింది. ఉపగ్రహం మీదుగా వెళ్లిన కాల్‌లో మాట 36,000 కిలోమీటర్లు ఎక్కి, అంతే దిగేసరికి పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. అరసెకను మౌనాన్ని వినలేదేమో అనుకుని తల్లి మళ్లీ అడిగేది, అప్పుడే కొడుకు జవాబు వచ్చేది, ఇద్దరి మాటలూ గుద్దుకునేవి. సముద్రపు కేబుళ్లు వచ్చి ఆ బాధ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అమెరికాలోని పిల్లలకు ఆంధ్ర నుంచి వీడియోలో సంగీతం నేర్పే గురువులు కలిసి పాడించరు. తాము ఒక ఆవృత్తం పాడి, శిష్యుల చేత తర్వాత పాడిస్తారు. కలిసి తాళం తప్పకుండా పాడాలంటే ఎడం 20, 30 మిల్లీసెకన్లు మించకూడదు. ఆంధ్రకూ కాలిఫోర్నియాకూ మధ్య కాంతికే ఒకవైపు 65కు పైగా పడుతుంది. ఎంత గొప్ప ఇంజనీరైనా ఈ తాళాన్ని కలపలేడు, ఎందుకంటే ఇక్కడ అడ్డం నిలిచింది సాఫ్ట్‌వేర్ కాదు, భూమి కొలత.

తెరతో సంభాషణకు కొలతలు కట్టిన తొలివాళ్లలో ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ మిల్లర్ ఒకడు. 1968లో ఆయన రాసిన పత్రం, 1993లో జేకబ్ నీల్సన్ పుస్తకం ఈ రంగానికి మూడు మెట్లు ఇచ్చాయి. పదో వంతు సెకనులోపు అయితే చేతి పనే అనిపిస్తుంది. సెకనులోపు అయితే ఆలస్యం తెలుస్తుంది కానీ ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. ఈ మెట్లు యంత్రాలతో పాటు మారవు, ఎందుకంటే అవి యంత్రానివి కావు. 1982లో ఐబీఎంకే చెందిన డోహర్టీ, తడానీ ఇంకో సంగతి చూపారు. యంత్రం త్వరగా జవాబిస్తే, తర్వాతి ఆదేశం ఇవ్వడానికి మనిషి తీసుకునే సమయమూ తగ్గుతుంది. మనసులో వరుసగా పేర్చుకున్న పనులు ఎదురుచూపులో చెదిరిపోతాయి, మళ్లీ పేర్చుకోవాలి. అందుకే ఒక సెకను ఆదా చేస్తే ఒక సెకను కంటే ఎక్కువే మిగులుతుంది.

చిన్న ఆలస్యానికి కూడా ఖర్చుంది. 1993లో మెకెంజీ, వేర్ అనే పరిశోధకులు గుర్తును లక్ష్యం మీదికి నడిపే పనిలో ఆలస్యాన్ని 8.3 నుంచి 225 మిల్లీసెకన్లకు పెంచితే పని కాలం 64 శాతం, తప్పులు 214 శాతం పెరిగాయి. 2009లో గూగుల్ తన వెతుకులాట ఫలితాలను కావాలనే 100 నుంచి 400 మిల్లీసెకన్లు ఆపి చూసింది. జనం వెతకడం 0.2 నుంచి 0.6 శాతం తగ్గింది. ఆలస్యం తీసేశాక కూడా కొన్ని వారాలు వాళ్లు మునుపటి అంత వెతకలేదు. 

సెకన్లలోకి వచ్చాక కథ మారుతుంది. అక్కడ వేలికి పనిలేదు, మనసుకే పని. హార్వర్డ్‌లో బోధించిన డేవిడ్ మైస్టర్ 1985లో వరుసల్లో నిలబడేవాళ్ల మనస్తత్వం మీద రాస్తూ, ఊరికే గడిపే నిరీక్షణ పనిలో గడిపేదానికంటే పొడుగనిపిస్తుందనీ, ఎంతసేపో తెలియనిదీ కారణం తెలియనిదీ ఇంకా పొడుగనిపిస్తాయనీ తేల్చాడు. అదే ఏడాది బ్రాడ్ మైయర్స్ పని ఎంత శాతం అయిందో చూపే పట్టీని జనం కోరుకుంటున్నారని చూపాడు. 2007లో ఇంకో ప్రయోగంలో, చివర్లో వేగం అందుకునే పట్టీ అంతే సమయం తీసుకున్నా త్వరగా పూర్తయినట్టు అనిపించింది. చివర్లో ఆగి ఆగి నడిచేది అన్నిటికంటే నెమ్మది అనిపించింది.

నర్సీపట్నం కిరాణా కొట్లో యూపీఐ చెల్లింపు ఈ సూత్రాలన్నిటినీ ఒకే చోట చూపిస్తుంది. డబ్బు పంపే వేలు తన పని ముగించాక కబురు యాప్ నుంచి దాని బ్యాంకుకు, అక్కడి నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి, కొనేవాడి బ్యాంకుకు, అమ్మేవాడి బ్యాంకుకు వెళ్లి తిరిగి రావాలి. సాధారణంగా రెండు మూడు సెకన్లు. ఆ కాసేపూ కొనేవాడి కన్ను గుండ్రంగా తిరిగే గుర్తు మీద, అమ్మేవాడి చెవి సౌండ్‌బాక్స్ మీద ఉంటాయి. ‘పడ్డాయా?’ అని ఒకరు, ‘ఇంకా పడలేదు’ అని ఒకరు. రెండు సెకన్లకు ఎవరూ కంగారుపడరు. పది సెకన్లయితే వెనక నిలబడ్డవాళ్లు చూస్తారు. ముప్ఫై అయితే మళ్లీ కొట్టాలా వద్దా అన్న ధర్మసందేహం మొదలవుతుంది. డబ్బు ఖాతాలోంచి పోయి, అవతల చేరని ఆ కాసేపట్లో మనిషి భయపడేది కాలానికి కాదు, రెండుసార్లు పోతుందేమోనని. 2025 జూన్ 16 నుంచి ఎన్‌పీసీఐ చెల్లింపుకు జవాబు రావాల్సిన గడువును 30 సెకన్ల నుంచి 15కు, చెల్లింపు స్థితి తెలిపే గడువును 30 నుంచి 10కి తగ్గించింది. మొదటిది వేగాన్ని పెంచేది. రెండోది సందేహాన్ని త్వరగా తీర్చేది. వాడేవాళ్లకు రెండోదే ఎక్కువ మేలు.

రేషన్ డిపోలో నిరీక్షణ ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో చౌక దుకాణాలకు 2015 నుంచి ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. వేలిముద్ర ఆధార్ సర్వర్‌కు వెళ్లి, సరిపోల్చి, జవాబు రావాలి. జవాబు రానప్పుడు కారణాలు రెండుంటాయి. నెట్ అందకపోవచ్చు, లేదా జీవితమంతా మట్టిపనీ చెరకు పనీ చేసి అరిగిన వేలి గీతలు యంత్రానికి అందకపోవచ్చు. మొదటిది ఆగితే తీరుతుంది, రెండోది వేలు మారిస్తేనో కంటిపాప చూపిస్తేనో తీరుతుంది. ఏది జరుగుతోందో యంత్రం వెంటనే, స్పష్టంగా, తెలుగులో చెబితే ముసలావిడ నెట్ కోసం అరగంట నిలబడదు, వేలు తుడుచుకుని పది సార్లు ఒత్తదు. చెప్పకపోతే తన వేలిదే తప్పేమోనని తనను తాను తప్పుపట్టుకుంటుంది. ఆలస్యం చేసే అన్యాయాల్లో పెద్దది ఇదే. యంత్రం లోపాన్ని అది మనిషి లోపంగా చూపిస్తుంది.

ఇన్ని కొలతలూ చేతిలో ఉన్నా తెరలు ఎందుకు మందకొడిగా ఉంటాయన్నదానికి జవాబు కొలిచే చోటులో ఉంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల బల్ల మీద కొత్త ఫోన్, గోడలో ఫైబర్, పక్క గదిలో సర్వర్ ఉంటాయి. అక్కడ ఎనభై మిల్లీసెకన్లు పట్టిన పని నర్సీపట్నం పక్కన గొలుగొండ మండలంలో మూడేళ్ల నాటి ఫోన్‌లో, నిండిపోయిన మెమరీతో, ఒక్క గీత సిగ్నల్‌తో ఎనిమిది సెకన్లవుతుంది. సగటు లెక్కలో ఆ ఎనిమిది సెకన్లు కలిసిపోతాయి. అనుభవించేవాడికి సగటు అనేది లేదు, తన ఆలస్యమే ఉంది.

అందువల్ల తెర తయారుచేసేవాళ్లు పాటించాల్సినవి రెండే. వేలు తాకిన పదో వంతు సెకనులోపు, పని పూర్తి కాకపోయినా, తాకిడి అందిందని తెర చెప్పాలి. దీనికి నెట్ అక్కర్లేదు, ఫోన్ ఒక్కటే చేయగలదు. ఆ తర్వాత ఆలస్యం తప్పనప్పుడు ఏం జరుగుతోందో, ఎంతసేపు పడుతుందో, మళ్లీ నొక్కాలో వద్దో, డబ్బు ఎక్కడుందో నిజం చెప్పాలి. ఈ రెండిటికీ రాంబిల్లిలో కట్టే డేటా కేంద్రంతో నిమిత్తం లేదు. యాప్ విడుదల చేసేముందు దాన్ని ఒక చవక ఫోన్‌లో వేసుకుని లంబసింగి ఘాట్ మీద ఒకసారి వాడి చూస్తే చాలు. అక్కడ నడిచిన యాప్ ఎక్కడైనా నడుస్తుంది.